కోపం లేని కేక

ఆవిడకి రెండు గొంతులు. ఒకటి పుట్టుకతో వచ్చింది, రెండోది ఉద్యోగంతో వచ్చింది.

పుట్టుకతో వచ్చినదాని సంగతి ముందు చెప్పాలి. వాళ్ల నాన్న రాళ్ల క్వారీలో కేకలేసే మనిషి. మందు పేల్చే ముందు "తప్పుకోండహో!" అని అరిచి జనాన్ని దూరంగా తరమడం ఆయన పని. ఆ కేకకి కొండ సగం దానంతటదే విచ్చుకునేదనీ, అందుకని యజమాని మందు సగమే కొనేవాడనీ ఆయనతో పనిచేసినవాళ్లు చెబుతారు. నమ్మకం కుదరనివాళ్లు వెళ్లి ఆ కొండని చూసుకోవచ్చు. ఇప్పుడక్కడ కొండ లేదు.

ఆ గొంతు వాటాలు పడకుండా మొత్తం కూతురికే దిగింది. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆవిడ ఆకలేసి ఏడిస్తే, పక్కవీధిలో తల్లులు ఉలిక్కిపడి లేచి తమ పిల్లలకి పాలు పట్టేవారట.

ఇలాంటి గొంతు వేసుకుని ఆవిడ చేరింది ఎక్కడయ్యా అంటే, ఫోనెత్తి మాట్లాడే ఉద్యోగంలో. ఫ్రిజ్జులు, ఫ్యాన్లు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ. వస్తువు చెడిపోయినవాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల గోడు విని, మెకానిక్‌ని పంపే ఏర్పాటు చూడాలి. మొదటిరోజు ఒకాయన ఫ్రిజ్జు చప్పుడు చేస్తోందని ఫోన్ చేశాడు. ఈవిడ "చెప్పండి సార్" అంది. అవతలాయన "వద్దులే అమ్మా, ఫ్రిజ్జే నయం" అని పెట్టేశాడు.

అప్పుడు ట్రైనింగ్ ఇచ్చే మేడం ఒక కొవ్వొత్తి తెచ్చి ఈవిడ ముక్కు ముందు వెలిగించింది. మంట కదలకుండా మాట్లాడాలి. మొదట్లో "నమస్కారం" అనేసరికే కొవ్వొత్తి ఆరిపోయేది. పక్కసీట్లో కాగితాలు కూడా లేచిపోయేవి. ఇంట్లో, బస్సులో, స్నానాల గదిలో సాధన చేసి చేసి, తల ప్రాణం తోకకొచ్చాక ఆ మంట నిలిచింది. నిలవడమే కాదు, ఆవిడ మాట వినడానికి కాస్త ముందుకు వంగేదని ఆ ఫ్లోర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటినుంచి ఆఫీసులో ఆవిడ పేరు దూది. అగ్గిమీద గుగ్గిలమై ఫోన్ చేసినవాళ్లు కూడా దూది మాట విని, చివరికి "మీరు భోంచేశారా అమ్మా" అని అడిగి పెట్టేవాళ్లు.

మొదటి గొంతు నాన్నది. రెండోది ఆవిడ సొంత సంపాదన. అందుకని ఆ రెండోదంటే ఆవిడకి ప్రాణం.

ఇక అసలు సంగతి. ఈమధ్య ఆ కంపెనీలోకి ఏఐ వచ్చింది. ఫోనెత్తుతుంది, విషయం కనుక్కుంటుంది, మెకానిక్‌ని పంపుతుంది. సెలవు అడగదు, టీకి లేవదు, టీం లీడర్ మీద చాడీలు చెప్పదు. ఫ్లోర్‌లో అందరూ దానికి "కొత్తమ్మాయి" అని పేరు పెట్టారు. కొత్తమ్మాయికి మాట్లాడటం నేర్పడానికి కంపెనీవాళ్లు పాత కాల్స్ అన్నీ వినిపించారు. అన్నిట్లోకీ శుభ్రంగా ఉన్నవి ఎవరివి? దూదివే. అందుకు కృతజ్ఞతగా ఆవిడకి ఒక ఫ్లాస్కు బహుమానం ఇచ్చి, చప్పట్లు కొట్టి, ఫోటో తీశారు. ఆ చప్పట్లు ఆగేలోపే హాల్లో ఖాళీ అయిన కుర్చీలు ఒకదానిమీద ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి. చివరికి కిటికీ పక్కన ఒక్క వరస మిగిలింది. "నాకు మనిషే కావాలి" అని పట్టుబట్టినవాళ్ల ఫోన్లు ఆ వరసకొస్తాయి. దాన్ని మనిషి వరస అన్నారు. దూదికి ఆ వరసలో సీటు దొరికింది.

దొరికిందని సంబరపడింది గానీ, కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

"నమస్కారమండి. నేను మీకు ఏ విధంగా సాయపడగలను?"

"మళ్లీ ఇదే తగలడింది! మనిషిని ఇవ్వమంటే మళ్లీ నువ్వే వచ్చావా?"

"నేను మనిషినేనండి."

"ఇందాకటిది కూడా ఇలాగే ముద్దుముద్దుగా మాట్లాడింది."

"నిజంగా మనిషినండి. నమ్మండి."

"అయితే ఏదీ, ఒకసారి తుమ్ము."

తుమ్ము అడిగితే వస్తుందా? ఇంకొకాయన నోరు తిరగని గుణకారం ఒకటి ఇచ్చి జవాబు చెప్పమన్నాడు. సరైన జవాబు చెబితే మెషీన్ అనుకుంటాడని, తెలివిగా తప్పు చెప్పింది. "ఓహో, పాత మోడలన్నమాట" అని పెట్టేశాడు.

మాట్లాడటం అయిపోయాక ఫోన్ చేసినవాళ్లని కంపెనీ ఒక ప్రశ్న అడుగుతుంది. మీతో మాట్లాడింది మనిషి అనిపిస్తే ఒకటి నొక్కండి, కాదనిపిస్తే రెండు నొక్కండి. జీతాలిచ్చి మనుషుల్ని ఉంచుకున్నాక, వాళ్లు మనుషుల్లా అనిపించకపోతే ఎందుకని పైవాళ్ల ఆలోచన. దూదికి పడేవన్నీ రెండ్లే.

అదే వరసలో పక్కసీటాయనకి మాత్రం అన్నీ ఒకట్లే. ఆయన్ని అందరూ ఆవులింత అంటారు. ఫోన్లో జనం ఏడుస్తుంటే మధ్యలో హాయిగా ఆవులించేవాడు. ఈ అలవాటుకి ఆయన తిన్న చీవాట్లు గంపలకెత్తొచ్చు. ఇన్నాళ్లకి ఆయన దశ తిరిగింది. ఆయన "చెప్పండి..." అని నోరు బార్లా తెరిస్తే చాలు, అవతలివాళ్లు "హమ్మయ్య, మనిషే" అని ఊపిరి పీల్చుకుంటున్నారు.

"చూశావా చెల్లెమ్మా," అన్నాడాయన కుర్చీలో వెనక్కి వాలి. "ఇన్నాళ్లూ దీన్ని బద్ధకం అన్నారు. ఇప్పుడు స్కిల్ అంటున్నారు."

"నాకూ కాస్త నేర్పన్నయ్యా."

"ఆవులింత నేర్పితే వచ్చేది కాదు, రక్తంలో ఉండాలి. నువ్వు దగ్గుతో మొదలుపెట్టు."

పాపం దూది దగ్గింది. బల్లమీద గ్లాసు టంగుమనిపించింది. మాట మధ్యలో "ఉండండుండండి, పెన్ను కనపడట్లేదు" అంది. అంత చేస్తే ఒకావిడ ఏమందో తెలుసా? "ఈ మధ్య మెషీన్లకి దగ్గు కూడా పెడుతున్నారు. కలికాలం!" అని రెండు నొక్కింది. పోనీ అసలు దగ్గు కూడా దూదికి చక్కగా రాదు. కొవ్వొత్తి ముందు అన్నేళ్లు తీర్చిదిద్దిన గొంతులోంచి దగ్గు కూడా పాటలా వస్తుంది. ఇంతకీ ఆ ఫ్లోర్‌లో ఎవరైనా ఎప్పుడైనా పనిలో తప్పు చేయడం నేర్చుకోవడానికి అంత కష్టపడ్డారంటే అది ఈవిడొక్కతే.

ఒకరోజు టీం లీడర్ అద్దాల గదిలోకి పిలిచింది. ఆ అమ్మాయి ఈవిడకంటే బాగా చిన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అమ్మాయి ముక్కు ముందు కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంది దూదే.

"కూర్చో అక్కా."

"పర్లేదు మేడం, నిలబడే వింటాను."

"ఎవరూ లేనప్పుడు కూడా మేడమేనా?"

దూది కూర్చుంది. ఆ అమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"నీ కాల్స్‌లో వంక పెట్టడానికేం లేదక్కా. పైవాళ్లు అదే అడుగుతున్నారు. మరి ఏఐకీ ఆవిడకీ తేడా ఏంటని."

"నాకు ఆకలేస్తుంది. అదీ తేడా. చెప్పు వాళ్లకి."

టీం లీడర్ నవ్వింది. నవ్వు సగంలో ఆపేసింది. "నెలాఖరుకి ఈ వరసలోంచి ఒక కుర్చీ తీసేయాలన్నారు. ఎవరిదో నన్నే చెప్పమన్నారు. రెండ్లు నీకే ఎక్కువ పడుతున్నాయక్కా."

దూది చేతిలో ఫ్లాస్కు ఉంది. మూత బిగించే ఉన్నా మళ్లీ బిగించింది.

"నా సంగతి కూడా గొప్పగా ఏం లేదులే," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "నేను చేసేది కాల్స్ విని మార్కులేయడమేగా. ఆ పనీ కొత్తమ్మాయి నేర్చుకుంటోంది. నాకంటే ఓపిగ్గా వింటోందట."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు ఓదార్చుకోవాలా వద్దా అన్నట్టు కూర్చున్నారు. బయటికొచ్చి సీట్లో కూర్చున్నాక దూదికి గుండె ఆగి కొట్టుకున్నట్టయింది. ఇన్నేళ్లూ ఏది బాగా చేస్తానని అందరూ మెచ్చుకున్నారో, అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పోనీ ఇంకో పని చూసుకుందామంటే, ఆవిడకొచ్చిన పని ఇదొక్కటే.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో ముగ్గురు. దూది, భర్త, అత్తగారు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాటకి మాట పొదుపు. అత్తగారికి చెవులు బాగా తగ్గాయి. చెవికి పెట్టుకునే మిషన్ కొనిచ్చారు గానీ, అది పెట్టుకుంటే గోడ గడియారం పెద్దగానూ మనుషులు చిన్నగానూ వినపడుతున్నారని సొరుగులో పడేసింది. అందుచేత ఇంట్లో దూది వాడేది మొదటి గొంతు. నాన్న గొంతు. వంటింట్లోంచి "అత్తయ్యా! టీ!" అంటే కింద వాటాలో కుక్క లేచి నిలబడుతుంది.

"కుర్చీ సంగతి అత్తయ్యకి చెప్పకండి," అని ఆ సాయంత్రం భర్తకి మెల్లగా చెప్పింది. "ఆవిడ బెంగపెట్టుకుంటుంది."

ఆయన సరేనని తలూపాడు. తలూపడంలో ఆయనకి లోటు లేదు. మర్నాడు దూది స్నానానికి వెళ్లినప్పుడు తల్లి పట్టుకుంది.

"ఏంట్రా, కోడలి ముఖం అలా వాడిపోయింది?"

"ఏం లేదమ్మా."

"ఏంటీ?"

"ఏం లేదూ!"

"ఏం లేకపోతే అరుస్తావేంరా? చెప్పు, ఎవరితో అననులే."

ఆయన అటూ ఇటూ చూశాడు. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి రహస్యం మొదలుపెట్టాడు. "ఎవరికీ చెప్పకూ! దాని ఉద్యోగం పోయేలా ఉందీ!"

"ఎవరు పోయారూ?"

"ఎవరూ పోలేదూ! ఉద్యోగం! ఉద్యోగమూ! వాళ్లాఫీసులో మెషీన్ వచ్చిందీ! అదే మాట్లాడుతుందీ! నెలాఖరుకి దీన్ని తీసేస్తారూ!"

కిటికీలు తెరిచే ఉన్నాయి. రహస్యం మెట్లు దిగి, గేటు దాటి, ఇస్త్రీ బండి దాకా వెళ్లింది. దూది ఆఫీసుకి బయల్దేరితే పైవాటావిడ చెయ్యి పట్టుకుని "అంతా మంచే జరుగుతుందిలే" అంది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "మా బావమరిదికి తెలిసిన కొట్టు ఒకటుందమ్మా, అడగమంటారా" అన్నాడు. దూదికి ఏం జరిగిందో అర్థమై, వెనక్కి తిరిగి పై అంతస్తు కిటికీ కేసి చూసింది. ఆ లిఫ్టు మెకానిక్ గారు కర్టెను వెనక్కి తప్పుకున్నాడు.

తమాషా ఏంటంటే, వీధి వీధంతా ఓదార్చింది గానీ అత్తగారు మాత్రం నోరెత్తలేదు. కోడలు దాచిందంటే దాచనీ అనుకుంది కాబోలు. మామూలుగానే టీలో పంచదార తక్కువైందని సాధించింది, బట్టలు సరిగ్గా మడతపెట్టలేదని గొణిగింది. దూది కూడా ఏమీ ఎరగనట్టే అరిచి జవాబు చెప్పింది. ఒకరికి తెలుసని ఒకరికి తెలిసీ, ఇద్దరూ నటిస్తూ రోజులు నెట్టుకొచ్చారు.

నెలాఖరు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ఆవులింత టీకి వెళ్లాడు. అద్దాల గదిలో టీం లీడర్ చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని దూది కాల్స్ వింటోంది. ఒక్క ఒకటైనా పడితే పైవాళ్లతో మాట్లాడొచ్చని ఆశ. దూదికి ఆ అమ్మాయి వీపు కనపడుతోంది. ఆ వీపుని చూస్తూనే ఫోనెత్తుతోంది.

అంతలో తెరమీద ఒక కాల్ వెలిగింది. కొత్తమ్మాయి తనవల్ల కాక మనిషి వరసకి తోసేసిన కాల్ అది. తోసేటప్పుడు విషయం ఏంటో రెండు ముక్కల్లో రాసి పంపడం దానికి అలవాటు. ఇలా రాసింది: "సమస్య: వాషింగ్ మెషీన్ కోడలి ఉద్యోగాన్ని తింటోంది. సూచన: ఫిల్టర్ శుభ్రం చేయించాలి."

దూది చదివి అర్థంకాక, "నమస్కారమండి. నేను మీకు..." అంది.

"హలో! మెషీనేనా?"

ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పాలా? వాషింగ్ మెషీన్ మూత మీద అంటించిన నంబరు చూసి చేసినట్టుంది. ఇంటివాళ్ల ఫోనొస్తే పక్కసీటుకి మార్చేయాలని రూలు. చెయ్యి బటన్ మీదకి వెళ్లింది. పక్కసీట్లో ఎవరూ లేరు.

"ఇదిగో, ఇందాకట్నుంచీ నువ్వేదో గొణుగుతున్నావు, నాకేం వినపడట్లేదు. నువ్వు మాట్లాడొద్దు, నేను చెప్పేది విను. నాకు బట్టలుతికే మెషీన్‌తో పని లేదు, నీతోనే పని. మా కోడలు మీ ఆఫీసులో చేస్తుంది. నువ్వొచ్చి దాని కుర్చీ లాగేస్తున్నావట కదా?"

దూది చెయ్యి బటన్ మీదే ఉండిపోయింది.

"నేను దాన్ని పొగడ్డానికి చేయలేదు. దానికి నోరెక్కువ. బట్టలు మడతపెట్టడం ఈ జన్మకి రాదు. కానీ ఒక్క మాట చెబుతా విను. నా చెవులు పోయాక ఇంట్లో, వీధిలో అందరూ నాతో మాట్లాడ్డం మానేశారు. ఒకసారి చెబుతారు, నేను ఏంటీ అంటాను, ఏం లేదులే అని పోతారు. నా కొడుకూ అంతే. గట్టిగా చెప్పారంటే అందులో విసుగే, కోపమే. ఇది మాత్రం అన్నీ చెబుతుంది. ఆఫీసులో ఎవరో ఆవులిస్తే అది కూడా అరిచి చెబుతుంది. నవ్వొచ్చే మాటైతే నేను నవ్వేదాకా చెబుతుంది. అరుస్తుంది, కోపం ఉండదు. అలా అరవడం ఇంకెవరికీ రాదు. పొద్దున్నే ఆ గొంతు బొంగురుపోతే వేడినీళ్లు తాగి ఆఫీసుకొస్తుంది. నీకేం, తిండా తిప్పలా? జీతం తీసుకుని ఏం చేసుకుంటావు? ఇంకో పని చూసుకో. దాని జోలికి రాకు. ఆఁ? ఏమంటావు? ఇప్పుడు చెప్పు."

దూదికి అలవాటు కొద్దీ రెండో గొంతే వచ్చింది. "మీ మాటలు విన్నానండి..."

"ఏంటీ?"

"విన్నానండి. నేను..."

"ఏంటో ఆ పీలగొంతు! ఏ పూటా తిండి పెట్టరేమో నీకు. గట్టిగా చెప్పు!"

కొవ్వొత్తి మంట కదలకుండా ఎంతసేపని చెబుతుంది? ఎక్కడో రాళ్ల కొండ అడుగునుంచి నాన్న గొంతు లేచింది. లేచి, అన్నేళ్ల సాధననీ, హెడ్‌సెట్‌నీ, ఆఫీసు మర్యాదనీ తోసుకుంటూ బయటికొచ్చింది.

"అత్తయ్యా! నేనే!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. మూలన ఒకదానిమీద ఒకటి ఎక్కిన కుర్చీలు దిగిపోదామా అన్నట్టు కదిలాయి. అద్దాల గదిలో టీం లీడర్ హెడ్‌సెట్ పీకి పారేసి లేచి నిలబడింది.

అవతల్నుంచి, "ఒసేయ్, నువ్వా? నువ్వు మధ్యలో దూరావేంటి? ఫోన్ మెషీన్‌కి ఇవ్వు!"

"మెషీన్ లేదత్తయ్యా! నేనే ఉన్నా!"

"మరి ఇందాకా పీలగా మాట్లాడిందెవరు?"

"నేనే!"

"పోవే. నీ గొంతు నాకు తెలీదూ?"

"ఆఫీసులో అలాగే మాట్లాడాలత్తయ్యా!"

"అలా మాట్లాడితే ఎవరికి వినపడుతుందే? అందుకే తీసేస్తున్నారు!" కాస్త తగ్గి అడిగింది. "అయితే నేనన్నవన్నీ విన్నావా?"

"విన్నా!"

"సరే, తలకెక్కించుకోకు. పనిమీద వచ్చినప్పుడు నాలుగు మంచి మాటలు కల్పించి చెప్పాలి కదా, అందుకని అన్నా. బట్టల సంగతి మాత్రం నిజం."

దూది ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ అరిచింది. "అలాగేలే అత్తయ్యా! పెట్టేయండి! సాయంత్రం వస్తా!"

ఫోన్ పెట్టేసేసరికి వరస వరసంతా లేచి నిలబడి చూస్తోంది. టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చిన ఆవులింత గుమ్మంలోనే నోరెళ్లబెట్టాడు. ఈసారి ఆవులింత కాదు. వరసలో ఒకతను మాత్రం ఫోన్లో చెబుతున్నాడు: "మా సహోద్యోగి అండి... అవునండి, అరిచింది ఆవిడే... అవునండి, ఇక్కడ మనుషులే ఉంటారు." ఆ కేక వినపడిన ప్రతి ఫోన్‌లోనూ ఆ పూట ఒకటే పడిందని తర్వాత తేలింది.

ఒక్క దూదికి తప్ప. టీం లీడర్ దగ్గరికొచ్చి తెరమీద వేలు పెట్టి చూపించింది. "అక్కా, మీ అత్తగారు రెండు నొక్కారు."

చివర్లో అడిగే ప్రశ్న కొత్తమ్మాయి గొంతులోనే వస్తుంది. అది ఆవిడకి వినపడితే కదా. ఏదో ఒకటి నొక్కమన్నారని, చేతికందింది నొక్కింది. దూది ఆ అంకె చూసి పడీపడీ నవ్వింది. టీం లీడర్ కూడా. ఆవులింత టీ ఒలికిపోయింది. నవ్వు ఆగాక దూది సొరుగు తెరిచి ఫ్లాస్కు, దువ్వెన, శాలువా బల్లమీద పెట్టుకోసాగింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నెలాఖరు కదా. ఇంటివాళ్ల కాల్ తీసుకున్నాను, రూలు కూడా తప్పాను."

టీం లీడర్ ఏదో ఆలోచిస్తూ అద్దాల గదిలోకి వెళ్లి, కొత్తమ్మాయి దగ్గరే తెగిపోయిన పాత కాల్స్ వెతికింది. దూదిని పిలిచి ఒకటి పెట్టి వినిపించింది. ఎవరో ముసలాయన. "ఏంటీ? ఏంటమ్మా? ఏంటీ?" అంటున్నాడు. చివరికి "సరేలే" అన్నాడు, తెగిపోయింది. ఇంకోటి పెట్టింది. ఎవరో పెద్దావిడ. "ఏంటీ?" తర్వాత తెగిపోయింది. అలాంటివి వస్తూనే ఉన్నాయి. వీళ్లెవరూ మనిషి కావాలని అడగలేదు. అడగమని కొత్తమ్మాయి చెప్పిన మాటే వాళ్లకి వినపడలేదు. అందుకని లెక్కలో ఎవరికీ కనపడలేదు.

కొత్తమ్మాయి గొంతు పెంచి చూశారు. అదేం పాపమో, గొంతు పెంచితే వరదొస్తోంది ఊరు ఖాళీ చేయండి అన్నట్టుంది. ఫ్యాన్ రెక్క విరిగిన ముసలాయనతో అలా మాట్లాడితే ఫ్యాన్ మాట దేవుడెరుగు, ఆయన గుండె ఏం కాను?

"ఇది పట్టుకుని పైకి వెళ్తున్నా," అంది టీం లీడర్. "నువ్వు ఫ్లాస్కు లోపల పెట్టు."

పైవాళ్లు అవుననలేదు, కాదనలేదు. కొన్నాళ్లు చూద్దాం అన్నారు. పైవాళ్ల దగ్గర అంతకంటే గట్టి మాట ఎవరికీ దొరకదు. అయితే కుర్చీ తీసేయాలన్న మాట మాటే. మనిషి వరసలోంచి దూది కుర్చీ తీసేశారు. తీసి, ఆ హాలు రెండో కొసలో, మెట్ల పక్కన గోడకి ఆనించి వేశారు. "ఏంటీ?" అనే ఫోన్లన్నీ ఇక ఆ కుర్చీకే. మోసుకెళ్లింది ఆవులింతే.

"దూరం చేస్తున్నానని అనుకోకు చెల్లెమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. "ఇన్నాళ్లూ నిన్ను దూది అన్నాం. ఇక మా చెవుల్లోకి దూది కావాలి."

మొదటి రోజు ఆవిడకి చచ్చేంత సిగ్గేసింది. నలుగురిలో నైటీతో నిలబడ్డట్టనిపించింది. ఆఫీసు బల్ల ముందు ఇంటి గొంతు! మొదటి కాల్‌కి రెండో గొంతే వచ్చింది. అవతలాయన "ఏంటీ?" అన్నాడు. కళ్లు మూసుకుని, అవతల ఉన్నది అత్తగారే అనుకుంది.

"తాతగారూ! ఫ్యాన్ ఎప్పుడు ఆగిందీ!"

"ఆఁ! నిన్న! వినపడిందమ్మా, వినపడింది!" ఆయన గొంతులో సంబరం. మళ్లీ అనుమానం. "నన్ను తిడుతున్నావా?"

"లేదండీ! తిడితే ఇంత బాగుండదూ!"

ఆయన నవ్వాడు. ఫ్యాన్ సంగతి చెప్పాడు. తర్వాత మోకాళ్ల సంగతి కూడా చెప్పాడు. అది కంపెనీ బాగుచేసేది కాదు, అయినా దూది వింది.

కాల్ అయ్యాక టీం లీడర్ వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. మొహమాటంగా అంది, "అక్కా, ఇవి కూడా రికార్డ్ అవుతాయి. రేపో మాపో కొత్తమ్మాయి ఇదీ నేర్చుకుంటుందేమో."

దూది ఫ్లాస్కులోంచి వేడినీళ్లు ఒంపుకుంది. ఆ మాట ఆవిడకి తెలియంది కాదు. తెలిసినా ఈ పూట గుండె ఆగినట్టు కాలేదు, ఎందుకో. "నేర్చుకోనీ. ముందు దానికో అత్తగారిని వెతకండి," అంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. గుమ్మంలో చెప్పులు విడిచి "అత్తయ్యా" అంది. గాలి తప్ప మాట రాలేదు. చేత్తో గొంతు చూపించింది.

అత్తగారు కాసేపు ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి, సొరుగు లాగి, చెవి మిషన్ తీసి, విసుక్కుంటూ తగిలించుకుంది. తగిలించుకుని కోడలికి ఎదురుగా కూర్చుంది.

"ఆ పీలగొంతుతోనే చెప్పు. ఇవాళ ఎవరెవరు ఫోన్ చేశారు?"

దూది చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, మంట కదలకుండా. ముసలాయన ఫ్యాన్ దాకా వచ్చిందో లేదో, అత్తగారు చెయ్యెత్తి ఆపింది. కొడుకు కేసి తిరిగి గోడమీదకి వేలు చూపించింది.

"ముందు ఆ గడియారం తీసి బయట పెట్టరా. నా కోడలు మాట్లాడుతోంది."